బరువైన మాటకు తేలికైన బాణీ

మత్తు లోకాల సంగీతమైన సైకెడెలిక్ రాక్‌కు చిరునామా అనిపించుకున్న గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం 1970లో చెక్క గిటార్లు పట్టుకుని చిన్న చిన్న పాటలు పాడింది. వెనకడుగు వేసిందన్నారు, అమ్ముడుపోయిందన్నారు. ఆ బృందం చేసిన పనుల్లో అన్నిటికంటే సాహసం నిజానికి అదే.

1969 నవంబరులో అమెరికన్ రాక్ బృందం గ్రేట్‌ఫుల్ డెడ్ 'లైవ్/డెడ్' అనే జంట రికార్డు విడుదల చేసింది. మొదటి రికార్డు మొదటి వైపంతా ఒకే ఒక్క పాట, 'డార్క్ స్టార్'. నిడివి 23 నిమిషాలు. పాట అంటున్నామే గాని అందులో గొంతు వినిపించేది కాసేపే. మిగిలినదంతా ఎలక్ట్రిక్ గిటార్లు, బేస్, ఆర్గాన్, రెండు డ్రమ్ సెట్లు ముందుగా ఏ దారీ అనుకోకుండా ఒకదాన్నొకటి వెతుక్కుంటూ సాగే సుదీర్ఘ మనోధర్మం. ఏడు నెలలు తిరిగేసరికి, 1970 జూన్‌లో, అదే బృందం నుంచి 'వర్కింగ్‌మన్స్ డెడ్' వచ్చింది. ఎనిమిది పాటలు, అన్నీ కలిపినా 36 నిమిషాలు దాటవు. ముందు వరసలో కరెంటు అక్కర్లేని అకూస్టిక్ చెక్క గిటార్లు, కలిసి పాడే మూడు గొంతులు, రెండోసారి వినేటప్పటికే కూనిరాగం తీయగల బాణీలు. నవంబరులో దాని వెంటే 'అమెరికన్ బ్యూటీ' వచ్చింది. అందులో పాటలు ఇంకా మెత్తన, ఇంకా తేలిక. 'డార్క్ స్టార్' పక్కన వీటిని పెట్టి వింటే అంతా ఒకే బృందం చేసిందంటే నమ్మబుద్ధి కాదు.

ఈ మలుపును వివరించడానికి మూడు తీర్పులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. డబ్బు కోసం మెత్తబడ్డారని ఒకటి. అప్పటి ఫ్యాషన్ వెంట పోయారని మరొకటి. ప్రయోగాలకు ఓపిక లేక సులువైన దారి చూసుకున్నారని ఇంకొకటి. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. మూడూ కలిసినా అసలు విషయాన్ని అందుకోలేవు. 1969 నడుమ నుంచి ఈ బృందం దగ్గర సూటిగా చెప్పవలసిన మాటలు పోగయ్యాయి. చావు గురించి, చాకిరీ గురించి, మోసం గురించి, చెల్లాచెదురవుతున్న ఒక తరం గురించి. అంత బరువైన మాట వినేవాడి చెవిన పడాలంటే దాన్ని మోసే బాణీ తేలికగా ఉండాలి. హోరు తగ్గించడం వాళ్లకు ఓటమి కాదు, చెప్పదలచుకున్న మాట కోరిన క్రమశిక్షణ. అందుకు సాక్ష్యం ఆ పాటల్లో ఉంది, అవి పుట్టిన తేదీల్లో ఉంది, అవి రికార్డయిన తీరులో ఉంది.

హోరుకు ముందున్న పాట

కథ మొదలైంది కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో, మెన్లో పార్క్ ప్రాంతంలో. ఇప్పుడు సిలికాన్ వ్యాలీ పేరుతో తెలుగు కుటుంబాలెన్నిటికో సొంతూరైపోయిన ఆ చోటు 1960ల మొదట్లో పుస్తకాల దుకాణాల్లో, కాఫీ హౌసుల్లో జానపద గీతాలు పాడుకునే కుర్రాళ్లకు అడ్డా. తర్వాత ఈ బృందానికి గిటారిస్టయిన జెర్రీ గార్సియా అక్కడ బ్లూగ్రాస్ బ్యాంజో మీద పిచ్చి పట్టినవాడిలా సాధన చేసేవాడు. బ్లూగ్రాస్ అంటే అమెరికా దక్షిణాది కొండ ప్రాంతాల నుంచి వచ్చిన, తంత్రీవాద్యాల మీద వేగంగా నడిచే పల్లె సంగీతం. 1964లో గార్సియా, బాబ్ వియర్, పిగ్‌పెన్ అని అందరూ పిలిచే రాన్ మెక్‌కెర్నన్ కలిసి ఒక జగ్ బ్యాండ్ నడిపారు. కూజా మూతిలోకి ఊదడం, బట్టలుతికే రేకుబల్ల మీద లయ గీకడం, పాత బ్లూస్ పాటలు పాడడం, ఇదీ ఆ బ్యాండ్ పని. కరెంటుతో నిమిత్తం లేని సంగీతమది. మరుసటి ఏడాది ఎలక్ట్రిక్ గిటార్లు పట్టి వార్లాక్స్ అయ్యారు, ఆ ఏడాది చివరికి గ్రేట్‌ఫుల్ డెడ్ అయ్యారు. 1970 నాటి చెక్క గిటార్లు వాళ్లకు కొత్త వేషం కాదు, పుట్టిన ఇల్లు.

ఆ ఇంటి నుంచి అంత దూరం ఎలా వెళ్లారన్నది తర్వాతి ప్రశ్న. రచయిత కెన్ కేసీ బృందం నడిపిన 'ఆసిడ్ టెస్ట్' రాత్రులకు వీళ్లే ఆస్థాన విద్వాంసులు. ఆ రాత్రులకు ఇరుసైన ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు మీద కాలిఫోర్నియాలో 1966 అక్టోబరు దాకా నిషేధం లేదు. ఆ రాత్రుల్లో వేదికకూ ప్రేక్షకులకూ మధ్య గీత ఉండేది కాదు. పాట ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలన్న నియమమూ ఉండేది కాదు. ఈ స్వేచ్ఛకు గట్టి సంగీత చదువు కూడా తోడైంది. బేస్ వాయించే ఫిల్ లెష్, కీబోర్డుల టామ్ కాన్‌స్టాంటెన్ ఇద్దరూ మిల్స్ కాలేజీలో ఇటలీ స్వరకర్త లూచానో బెరియో దగ్గర ఆధునిక పాశ్చాత్య సంగీతం చదివినవాళ్లు. డ్రమ్మర్ మిక్కీ హార్ట్ మన తబలా విద్వాంసుడు అల్లారఖా దగ్గర లయ పాఠాలు నేర్చుకున్నాడు. 'లైవ్/డెడ్'లోని 'ది ఎలెవెన్' అనే పాట పదకొండు మాత్రల ఆవృత్తంలో తిరుగుతుంది. రాక్ సంగీతం నాలుగు దెబ్బల చట్రంలో హాయిగా బతుకుతున్న రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. ఆ హోరులో మత్తు మాత్రమే చూసేవాళ్లు దాని వెనకున్న విద్యను గుర్తించడం లేదు.

అయితే ఆ విద్య స్టూడియోలోకి వెళ్లేసరికి అదుపు తప్పింది. 1968లో వచ్చిన 'ఆంథెమ్ ఆఫ్ ది సన్' కోసం వేర్వేరు కచేరీల టేపులను ఒకదాని మీద ఒకటి పేర్చి, స్టూడియోలో వాయించినవాటితో కలిపి అతికించారు. చిక్కటి గాలి ధ్వని కావాలని బాబ్ వియర్ అడిగేసరికి విసిగిపోయిన నిర్మాత డేవ్ హాసింజర్ పని మధ్యలోనే వదిలేసి వెళ్లిపోయాడు. తర్వాతి ఆల్బమ్ 'ఆక్సోమాక్సోవా' పని ఎనిమిది ట్రాకుల, అంటే ఎనిమిది ధ్వనులను విడివిడిగా పట్టుకోగల, రికార్డింగ్ యంత్రం మీద మొదలైంది. ఇంతలో పదహారు ట్రాకుల కొత్త యంత్రం వచ్చింది. అప్పటిదాకా చేసినదంతా పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టారు. ట్రాకులు ఉన్నాయి గనుక వాటిని నింపారు. ఖర్చు దాదాపు 1,80,000 డాలర్లకు చేరిందని, ఆ భారమంతా వార్నర్ బ్రదర్స్ రికార్డు కంపెనీకి బాకీగా బృందం మెడకు చుట్టుకుందని చరిత్రకారులు రాస్తారు. 1971లో ఇదే ఆల్బమ్‌ను బృందం మళ్లీ మిక్స్ చేయించి అదనపు ధ్వనులెన్నిటినో తీసేసింది. తాము పేర్చిన హోరు పాటను కప్పేసిందని వాళ్లకై వాళ్లే ఒప్పుకున్నట్టు అయింది. విమర్శకులు ఎన్ని పేజీలు రాసినా దీనికి మించిన సాక్ష్యం దొరకదు.

కష్టాలు తరుముకొచ్చిన ఏడాది

1969 డిసెంబరు 6న కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్ రేస్ ట్రాక్ దగ్గర రోలింగ్ స్టోన్స్ ఉచిత కచేరీ జరిగింది. దాని ఏర్పాట్లలో గ్రేట్‌ఫుల్ డెడ్ మనుషుల పాత్ర ఉంది. వేదిక దగ్గర కాపలాకు హెల్స్ ఏంజెల్స్ అనే మోటార్‌సైకిల్ ముఠాను దింపారు. ఆ సాయంత్రం మెరెడిత్ హంటర్ అనే పద్దెనిమిదేళ్ల నల్లజాతి యువకుడు ముఠా సభ్యుడి కత్తిపోట్లకు ప్రాణం విడిచాడు. గ్రేట్‌ఫుల్ డెడ్ ఆ రోజు వాయించకుండానే వెనుదిరిగింది. ప్రేమ, శాంతి అన్న ఒక తరం నమ్మకానికి అక్కడ తగిలిన దెబ్బ మానలేదు. 1970 జనవరి 31న న్యూ ఆర్లియన్స్‌లో మాదకద్రవ్యాల కేసులో పోలీసులు బృందాన్నీ సిబ్బందినీ అరెస్టు చేశారు. కాన్‌స్టాంటెన్ ఆ రోజుల్లోనే బృందం నుంచి తప్పుకున్నాడు. మార్చి వచ్చేసరికి మేనేజరు లెన్నీ హార్ట్ బృందం సొమ్ముతో ఉడాయించాడు. పోయిన మొత్తం సుమారు 1,55,000 డాలర్లు. అతడు పరాయివాడు కూడా కాదు, డ్రమ్మర్ మిక్కీ హార్ట్ కన్నతండ్రి. తండ్రి చేసిన పనికి కుంగిపోయిన మిక్కీ 1971 ఫిబ్రవరిలో బృందాన్ని వదిలి, మూడేళ్లకు పైగా దూరంగా ఉన్నాడు.

ఈ వరస చూసి, కష్టాలు మీద పడ్డాయి గనుక మెత్తటి పాటల నీడకు చేరారని తేల్చేయడం సులువు. తేదీలు అందుకు ఒప్పుకోవు. 'వర్కింగ్‌మన్స్ డెడ్'లోని 'డైర్ వుల్ఫ్', 'కేసీ జోన్స్', 'హై టైమ్' పాటలను బృందం 1969 జూన్‌లోనే వేదికల మీద పాడింది. అంటే 'ఆక్సోమాక్సోవా' అంగట్లోకి వచ్చిన నెలలోనే, ఆల్టమాంట్‌కు ఆరు నెలల ముందే, అరెస్టుకూ మోసానికీ ఇంకా ముందే. అప్పటికి గీత రచయిత రాబర్ట్ హంటర్, గార్సియా లార్క్‌స్పర్‌లో ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఒకరు మాట రాయడం, మరొకరు గిటార్ మీద బాణీ కట్టడం రోజువారీ పనిగా సాగుతోంది. ఒకే కప్పు కింద కవి, స్వరకర్త కూర్చున్న ఆ ఏడాదే మలుపు మొదలైంది. తర్వాత వచ్చిపడ్డ కష్టాలు ఈ దారిని పుట్టించలేదు. అప్పటికే మొదలైన నడకకు తొందర పెంచాయి, పాటల్లోకి కొత్త సరుకును తెచ్చాయి. ఆల్టమాంట్ మీద కట్టిన 'న్యూ స్పీడ్‌వే బూగీ' అలా వచ్చిన పాటే.

కప్పు తీసేశాక గొంతు

తేలిక పాట సులువైన పాట అనుకోవడం పెద్ద పొరపాటు. గ్రేట్‌ఫుల్ డెడ్ సభ్యుల్లో ఎవరిదీ సాధన చేసి తీర్చిన గొంతు కాదు. వాయిద్యాల హోరు ఉన్నన్నాళ్లూ ఆ లోటు కనబడలేదు. గిటార్ 20 నిమిషాలు పరుగెత్తే చోట గొంతు కాస్త శ్రుతి తప్పినా పట్టించుకునేవారుండరు. రెండు చెక్క గిటార్ల మధ్య మూడు గొంతులు నిలబెడితే వెంట్రుకవాసి తేడా కూడా చెవికి గుచ్చుకుంటుంది. అందుకే వాళ్లు పాడడం నేర్చుకోవలసి వచ్చింది. క్రాస్బీ, స్టిల్స్ అండ్ నాష్ బృందం గొంతులు కలపడంలో అప్పటికి ఆరితేరింది. వాళ్లతో ఉన్న స్నేహం ఇక్కడ అక్కరకొచ్చింది. గార్సియా కూడా వాళ్ల 'టీచ్ యువర్ చిల్డ్రన్' పాటకు పెడల్ స్టీల్ గిటార్ వాయించిపెట్టాడు. ఆ వాద్యాన్ని అతడు చేపట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు. పేరు మోసిన గిటారిస్టు కొత్త విద్యార్థిలా మరో వాద్యం ముందు కూర్చోవడం, గొంతు లేదని తెలిసినవాళ్లు గొంతునే ముందుకు తేవడం, ఈ రెండింటిలో సులువైన దారి ఎక్కడుందో వెతికినా కనబడదు.

రికార్డింగ్ పద్ధతి కూడా తలకిందులైంది. 'ఆక్సోమాక్సోవా' నెలల తరబడి సాగింది. 'వర్కింగ్‌మన్స్ డెడ్'కు పాటలన్నీ ముందే సాధన చేసి, ఏ పాట తర్వాత ఏది రావాలో ముందే తేల్చుకుని, శాన్ ఫ్రాన్సిస్కోలోని పసిఫిక్ హై స్టూడియోలో వారాల్లో ముగించారు. బాబ్ మాథ్యూస్, బెట్టీ కాంటర్ బృందంతో కలిసి నిర్మాణం చూశారు. స్టూడియోను ప్రయోగశాలగా వాడిన మనుషులు ఈసారి పాటను గుమ్మం బయటే పూర్తి చేసుకుని లోపలికి వెళ్లారు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వాలీ హైడర్ స్టూడియోలో 'అమెరికన్ బ్యూటీ' రికార్డయింది. మాండలిన్ అనగానే మనకు పాలకొల్లు బిడ్డ శ్రీనివాస్ గుర్తొస్తాడు. ఈ ఆల్బమ్‌లో 'రిపుల్', 'ఫ్రెండ్ ఆఫ్ ది డెవిల్' పాటలకు ఆ వాద్యాన్ని బ్లూగ్రాస్ బాణీలో పలికించినవాడు డేవిడ్ గ్రిస్మన్. అతడి తీగెలు ఎక్కడా పాటను దాటి ముందుకు రావు. చరణానికీ చరణానికీ మధ్య వచ్చి, తన మాట చెప్పి, పక్కకు తప్పుకుంటాయి. 23 నిమిషాల పాటలతో పేరు తెచ్చుకున్న బృందానికి ఈ పొదుపు ఎంత కొత్తో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక అసలు విషయం, ఆ పాటలు మోసిన సరుకు. 'బ్లాక్ పీటర్' మంచం పట్టి చావుకు ఎదురుచూసే మనిషి పాట. 'కంబర్లాండ్ బ్లూస్' గనిలో పనిచేసేవాడి పేదరికం. 'డైర్ వుల్ఫ్' మంచుకాలంలో గడప దగ్గరికి వచ్చిన మృత్యువుతో పేకాట. 'కేసీ జోన్స్' 1900లో మిసిసిపీలో జరిగిన రైలు ప్రమాదంలో చనిపోయిన నిజమైన డ్రైవరు పేరు మీద వచ్చిన పాత కథాగేయాల వరసలోది. ఇక్కడ ఆ డ్రైవరు మత్తులో రైలు నడుపుతూ ప్రమాదంలోకి దూసుకుపోతాడు. మాదకద్రవ్యాలతో పేరు ముడిపడిన బృందమే ఇలాంటి పాట కట్టడం తమ తరానికి తామే చేసిన హెచ్చరిక. 'అమెరికన్ బ్యూటీ' నాటికి బాధ మరీ దగ్గరకొచ్చింది. క్యాన్సర్‌తో పోతున్న తండ్రికి పాడి వినిపించడానికి ఫిల్ లెష్ ఒక బాణీ కట్టుకుని, దానికి మాటలు రాయమని హంటర్‌ను అడిగాడు. అదే 'బాక్స్ ఆఫ్ రెయిన్'. ఆ రికార్డింగ్ రోజుల్లోనే గార్సియా తల్లి కారు ప్రమాదంలో గాయపడి కన్నుమూసింది. ఈ ఆల్బమ్‌లో గొంతుల వెనక చావు నీడ ఉంది. అయినా ఎక్కడా ఏడుపు లేదు. అంత బరువును అరుపుతో మోస్తే వినేవాడు పారిపోతాడు. తేలిక బాణీలో పెట్టారు గనుకే అర్ధశతాబ్దం దాటినా ఆ పాటలను ఆప్తుల అంత్యక్రియల్లో పాడుకునేవారున్నారు.

అమ్ముడుపోయారా?

సులువైన దారి అన్న మాటకు జవాబు పైన చూశాం. మిగిలిన ఆక్షేపణల్లో మొదటిది డబ్బు. బాకీ తీర్చాలి గనుక రేడియోకు నచ్చే పాటలు చేశారన్నది దాని సారం. బాకీ నిజం, తక్కువ ఖర్చుతో ముగించాలన్న ఒత్తిడీ నిజం. ఫలితం కూడా కనిపించింది. 'ఆంథెమ్ ఆఫ్ ది సన్' బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టికలో 87వ స్థానం, 'ఆక్సోమాక్సోవా' 73, 'లైవ్/డెడ్' 64 దగ్గర ఆగితే, 'వర్కింగ్‌మన్స్ డెడ్' 27, 'అమెరికన్ బ్యూటీ' 30వ స్థానాలకు చేరాయి. కానీ విడి పాటలుగా విడుదలైన సింగిల్స్ సంగతి చూడండి. 'అంకుల్ జాన్స్ బ్యాండ్' 69 దగ్గర, 'ట్రకిన్' 64 దగ్గర ఆగిపోయాయి. రేడియోను గెలవడమే గురి అయితే అది తప్పిన గురి. పైగా రేడియో కోసమే పాటలు కట్టేవాడు చావుమంచం మీద మనిషిని, గని కూలీని ఎంచుకోడు. బాకీ వాళ్లను పొదుపు చేయమంది, ఏం పాడాలో చెప్పలేదు. ఇరుకు పరిస్థితిలో పుట్టిన కళ నకిలీదనే సూత్రం ఒప్పుకుంటే ప్రపంచ సాహిత్యంలో సగం కొట్టేయాలి. అవసరం పని మొదలుపెట్టిస్తుంది. పనితనం మాత్రం మనిషిదే.

రెండోది ఫ్యాషన్. ఇది మొదటిదానికంటే గట్టి ఆక్షేపణ. 1967 చివర్లో బాబ్ డిలన్ 'జాన్ వెస్లీ హార్డింగ్'తో హోరు నుంచి పక్కకు జరిగాడు. 1968లో ద బ్యాండ్ అనే బృందం 'మ్యూజిక్ ఫ్రమ్ బిగ్ పింక్', బర్డ్స్ బృందం 'స్వీట్‌హార్ట్ ఆఫ్ ది రోడియో' వచ్చాయి. అదే ఏడాది మొదట్లో రిషీకేశ్ ఆశ్రమంలో బీటిల్స్ చెక్క గిటార్లతోనే పాటలు కట్టారు. గాయకుడు డోనవన్ అక్కడ జాన్ లెనన్‌కు వేళ్లతో తీగెలు మీటే పద్ధతి నేర్పాడు. గాలి ఎటు వీస్తోందో గ్రేట్‌ఫుల్ డెడ్‌కు తెలియదనలేం. కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్‌కు చెందిన కంట్రీ (పల్లె సంగీత) గాయకుల ప్రభావం గురించి గార్సియా దాపరికం లేకుండానే మాట్లాడాడు. అయితే ఒక కాలంలో ఇంతమంది ఒకే వైపు నడిచారంటే అది అనుకరణ ఒక్కటే కాదు, ఒక అవసరం అందరికీ తగిలిందని కూడా అర్థం. వీధుల్లో వియత్నాం యుద్ధ వ్యతిరేక నిరసనలు. 1970 మే 4న కెంట్ స్టేట్ యూనివర్సిటీలో నలుగురు విద్యార్థులు సైనికుల తూటాలకు బలి. దేశం దద్దరిల్లుతున్నప్పుడు పాట కూడా దద్దరిల్లనక్కర్లేదు. మనుషులు పట్టుకుని నిలబడే మాట అప్పుడు కావాలి. ఈ బృందానికి మరో హక్కు కూడా ఉంది. గాలి మారకముందే, 1964లోనే, ఈ సంగీతం వాళ్లది.

మూడోది నష్టం గురించిన బాధ. ఎవరూ వెళ్లని దారుల్లో నడిచినవాళ్లు అందరూ నడిచే బాట పట్టారని, సంగీతం ఒక సాహసిని కోల్పోయిందని అంటారు. దీన్ని గౌరవంగా తీసుకోవాలి, ఎందుకంటే ఇది ప్రేమతో చేసిన ఫిర్యాదు. జవాబు 1970 మే 2 రాత్రి దొరుకుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని హార్పర్ కాలేజీలో గ్రేట్‌ఫుల్ డెడ్ ముందు అకూస్టిక్ పాటలు పాడింది. తర్వాత మిత్రబృందం న్యూ రైడర్స్ ఆఫ్ ది పర్పుల్ సేజ్ వాయించింది. ఆపై అదే గ్రేట్‌ఫుల్ డెడ్ ఎలక్ట్రిక్ గిటార్లతో తిరిగి వచ్చి హాలును ఊపేసింది. 1997లో ఈ కచేరీ ఆల్బమ్‌గా విడుదలైంది, ఇప్పుడు ఎవరైనా వినవచ్చు. ఆ ఏడాది ఎన్నో కచేరీలు ఇదే క్రమంలో సాగాయి. 'డార్క్ స్టార్' ఎక్కడికీ పోలేదు. స్టూడియోకు పాట, వేదికకు మనోధర్మం అని వాళ్లు పని పంచుకున్నారంతే. ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. 'ఆంథెమ్' నాటి స్టూడియో ప్రయోగం ఆ తెగువతో మళ్లీ తిరిగి రాలేదు. అది నిజమైన నష్టమే. కానీ ఆ నష్టానికి బదులుగా వచ్చినదాన్ని కూడా లెక్కలో వేయాలి. అంతకుముందు వాళ్ల దగ్గర గొప్ప వాయిద్యం ఉండేది. ఇప్పుడు వేదికకు దూరంగా ఉన్నవాడు ఇంటికి తీసుకెళ్లి పాడుకోగల పాట కూడా చేరింది.

నాలుగోది నైతికమైన ప్రశ్న, అన్నిటికంటే ఆలోచించవలసినది. కాలిఫోర్నియా కాలేజీ పట్టణాల కుర్రాళ్లకు గని కార్మికుడి దుఃఖం మీద ఏం హక్కుంది? అనుభవించని కష్టాన్ని అరువు తెచ్చుకుని పాడడం వేషం కాదా? పడని కష్టాన్ని పాడరాదంటే జానపదంలో సగం పాటలు పుట్టవు. ఆ పాటలు ఒక నోటి నుంచి మరో నోటికి, ఒక బతుకు నుంచి మరో బతుకుకు వెళ్తూనే వచ్చాయి. అరువు తెచ్చుకున్నవాడు దాన్ని నిజాయితీగా మోశాడా, అలంకారంగా తొడుక్కున్నాడా అన్నదే గీటురాయి. 'కంబర్లాండ్ బ్లూస్'కు దక్కిన అతి గొప్ప ప్రశంసను హంటర్ తన గీతాల సంపుటంలో రాసిపెట్టాడు. కంబర్లాండ్ గనిలో పనిచేసిన ఒక ముసలాయన ఆ పాట విని, దాన్ని ఎప్పుడో ఎవరో కట్టిన పాత పాట అనుకున్నాడట. గ్రేట్‌ఫుల్ డెడ్ లాంటి బృందం దీన్ని పాడుతుందని తెలిస్తే ఆ కట్టినవాడు ఏమనుకునేవాడో అని ఆశ్చర్యపోయాడట. గనిలో దిగినవాడే తన పాటగా గుర్తుపట్టాక ఇతరుల ధ్రువపత్రం అక్కర్లేదు. గార్సియా కుర్రతనంలో బ్యాంజో మీద పాత పాటలు అరగదీసిన ఏళ్లు ఇక్కడ ఫలించాయి.

కాలం ఇచ్చిన తీర్పు

రెండు ఆల్బమ్‌లకూ 1974లో అమ్మకాలకు ఇచ్చే గోల్డ్ గుర్తింపు వచ్చింది. 1980లో శాన్ ఫ్రాన్సిస్కో వార్‌ఫీల్డ్ థియేటర్‌లో, న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లో బృందం మళ్లీ అకూస్టిక్ భాగంతో వరస కచేరీలు చేసింది. వాటి నుంచి 1981లో 'రెకనింగ్' అనే ఆల్బమ్ వచ్చింది. అవసరానికి పట్టి వదిలేసిన వేషమైతే పదేళ్ల తర్వాత దాన్ని మళ్లీ తొడుక్కోరు. 1995 ఆగస్టులో గార్సియా మరణంతో గ్రేట్‌ఫుల్ డెడ్ పేరుతో సాగిన ప్రయాణం ముగిసింది. పాటలు ముగియలేదు. వాళ్ల మనోధర్మాన్ని అందుకోవాలంటే ఏళ్ల సాధన, సమ ఉజ్జీలైన తోటి వాద్యకారులు కావాలి. 'రిపుల్' పాడడానికి నాలుగైదు కార్డ్‌లు (స్వరాల కలయికలు) తెలిసిన గిటార్ చేయి, సిగ్గుపడని గొంతు చాలు. విద్వాంసుల చేతిలోంచి జనం చేతిలోకి మారడం సంగీతానికి తక్కువ విజయం కాదు.

శబ్దం పెంచితే ధైర్యం, తగ్గిస్తే లొంగుబాటు అనే లెక్క మన విమర్శలోనూ ఉంది. కష్టమైన రచన చేసినవాడు సరళంగా రాస్తే పలచబడ్డాడంటాం. స్వరవిన్యాసాలు చేసిన స్వరకర్త నాలుగు స్వరాల పాట కడితే సరుకు అయిపోయిందంటాం. 1970 నాటి ఈ రెండు ఆల్బమ్‌లు ఆ లెక్క తప్పని తేల్చాయి. తనకు పేరు తెచ్చిన బలాన్ని పక్కన పెట్టి, తనకు చేతగాని పనిని అందరి ముందు నేర్చుకోవడానికి 23 నిమిషాల పాట వాయించడానికి మించిన తెగువ కావాలి. ఈసారి మీకిష్టమైన బృందమో, రచయితో, దర్శకుడో ఉన్నట్టుండి హోరు తగ్గిస్తే వెంటనే తీర్పు చెప్పకండి. ఆ తేలిక పాట ఏ బరువు మోస్తోందో ముందు వినండి. బరువేదీ లేకపోతే అప్పుడు అమ్ముడుపోయారనండి. ఉంటే, వాళ్లు చేసిన అతి కష్టమైన పని అదేనని ఒప్పుకోండి.